మరణం లేని దేశం, చావనివ్వని ఇల్లు



ఒక దేశం ఉంది. దానికి పేరు లేదు. డిసెంబరు 31 అర్ధరాత్రి దాటిన క్షణం నుంచి ఆ దేశంలో ఒక్క ప్రాణం కూడా పోదు. రోడ్డు మీద బస్సు కింద పడి నలిగిపోయిన మనిషి ఆసుపత్రిలో కొన ఊపిరితో ఉంటాడు, కానీ పోడు. ఈ రాత్రి గడవదని వైద్యులు చెప్పేసిన ముసలి రాజమాత తెల్లారినా అలాగే ఉంటుంది. మొదటి రోజు దాటుతుంది, వారం దాటుతుంది. జనం వీధుల్లోకి వస్తారు, కిటికీలకు జెండాలు కడతారు. ఎన్నో వేల ఏళ్లుగా మనిషి కోరుకున్న వరం వాళ్లకు అడక్కుండానే దొరికింది మరి.

కానీ ఆ వరంలో ఒక లోపం ఉంది. రోగం తగ్గలేదు, ముసలితనం ఆగలేదు, నొప్పి పోలేదు. చావు ఒక్కటే రావడం మానేసింది.

పోర్చుగీసు రచయిత జోసె సరమాగో 2005లో రాసిన నవల ఇది. పోర్చుగీసులో పేరు 'అజ్ ఇంతెర్మితేన్సియాష్ ద మోర్త్'. మార్గరెట్ జుల్ కోస్టా చేసిన ఇంగ్లీషు అనువాదం 2008లో వచ్చింది. అమెరికాలో అది 'డెత్ విత్ ఇంటరప్షన్స్', ఇంగ్లండులో 'డెత్ ఎట్ ఇంటర్వల్స్'. దీన్ని మ్యాజిక్ రియలిజం అంటారు. పేరు ఏదైనా పద్ధతి మనకు కొత్తది కాదు. జరగని సంగతి ఒక్కటి జరిగిందని ఒప్పించి, ఆ తర్వాత జరిగేదంతా మన ఇంటిపక్కన జరిగినట్టే చెప్పుకుంటూ పోతాడు. ఒగ్గు కథ వినేవాళ్లకు దీన్ని ప్రత్యేకంగా నేర్పాల్సిన పని లేదు.

ఈ పుస్తకాన్ని నేను కేసముద్రంలో కూర్చుని చదివాను కాబట్టి, కేసముద్రం మనిషిగానే దీని గురించి మాట్లాడతాను. తెలియనివారి కోసం ఒక మాట. కాజీపేట నుంచి విజయవాడ పోయే రైలు మార్గంలో నెక్కొండ దాటాక మహబూబాబాద్ కంటే ముందు వచ్చే స్టేషన్ మాది. పాత వరంగల్ జిల్లా, 2016 నుంచి మహబూబాబాద్ జిల్లా. వ్యవసాయ మార్కెట్ మా ఊరికి గుండెకాయ. మిర్చి సీజన్లో బస్తాలు దిగుతుంటే ఊరంతా ఘాటు. ఆ మార్కెట్‌ను నమ్ముకుని హమాలీలు, తూకం వేసే దడువాయిలు, గుమాస్తాలు, ఆటోలవాళ్లు బతుకుతారు. వాళ్లలో సొంత ఇల్లు లేనివాళ్లు చాలామంది. ఈ చివరి సంగతి గుర్తుంచుకోండి, తర్వాత అక్కడికే వస్తాను.

ముందు రచయిత సంగతి. సరమాగో 1922 నవంబరు 16న అజిన్యాగ అనే పల్లెలో భూమి లేని కూలీల ఇంట పుట్టాడు. చదువు కొనసాగించే స్తోమత లేక మెకానిక్ పని నేర్చుకున్నాడు. పేరు వచ్చేసరికి అరవై ఏళ్లకు దగ్గరపడ్డాడు. 1998లో నోబెల్ బహుమతి వచ్చింది. పోర్చుగీసు భాషలో రాసేవాళ్లలో ఆ బహుమతి అందుకున్న మొదటివాడు ఆయనే. ఆ ఏడాది డిసెంబరులో స్టాక్‌హోంలో నోబెల్ ప్రసంగం మొదలుపెట్టి ఆయన మాట్లాడింది పెద్ద పెద్ద రచయితల గురించి కాదు, చదవడం రాయడం రాని తన తాత జెరోనిమో గురించి. తాత, అమ్మమ్మ పందులు పెంచుకుని బతికారు. చలికాలం రాత్రి గడ్డకట్టే చలిలో బలహీనంగా ఉన్న పందిపిల్లలను తమ పక్కలోకి తెచ్చుకుని కప్పుకుని పడుకునేవారట, అవి చచ్చిపోకుండా. ఆ తాతకు జబ్బు చేసి పట్నం ఆసుపత్రికి తీసుకుపోయే రోజున ఆయన పెరట్లోకి పోయి చెట్లను ఒక్కొక్కదాన్నీ కావలించుకుని ఏడ్చి, సెలవు తీసుకున్నాడు. తిరిగి రానని ఆయనకు తెలుసు.

ఇంటి దగ్గర పోవడం, ఇల్లు విడిచి పోవడం. సరమాగో ఈ నవల రాయడానికి అసలు బీజం ఆ పెరట్లోనే పడిందని నా నమ్మకం. ఆయన స్వయంగా అలా అన్నాడని చెప్పడం లేదు. పుస్తకం చదివితే నాకలా అనిపించింది.

సరే, కథలోకి పోదాం. చావు ఆగిపోయిన దేశంలో మొదట ఎవరు గొల్లుమన్నారు? మతపెద్దలు. చావు లేకపోతే పునరుత్థానం లేదు, పునరుత్థానం లేకపోతే తమ మతమే లేదని కార్డినల్ ప్రధానమంత్రికి ఫోన్ చేస్తాడు. తర్వాత శవసంస్కారాల వ్యాపారులు. బతకడానికి దారి లేదని, ఇకమీద పెంపుడు జంతువులకు అంత్యక్రియలు తప్పనిసరి చేయమని ప్రభుత్వాన్ని అడుగుతారు. ఆసుపత్రులు, వృద్ధాశ్రమాలు నిండిపోతాయి. జీవిత బీమా కంపెనీలకు జనం పాలసీలు రద్దు చేయమని ఉత్తరాలు రాస్తుంటే, కంపెనీలు ఒక ఉపాయం పన్నుతాయి. ఎనభై ఏళ్లు నిండిన రోజున మనిషి చనిపోయినట్టే లెక్క, డబ్బు తీసుకో, కావాలంటే మళ్లీ కొత్త పాలసీ కట్టుకో అని.

ఇక్కడ నాకు మన రైతుబీమా గుర్తుకొచ్చింది. 2018 ఆగస్టులో మొదలైన పథకం. పద్దెనిమిది నుంచి యాభై తొమ్మిదేళ్ల లోపు రైతు ఏ కారణంతో చనిపోయినా ఇంటివాళ్లకు ఐదు లక్షలు వస్తాయి. మా మండలంలో ఎన్ని కుటుంబాలు ఆ డబ్బుతో అప్పుల్లోంచి తేరుకున్నాయో కళ్లతో చూశాను, ఆ పథకాన్ని తక్కువ చేసి మాట్లాడను. కానీ అరవైలో అడుగుపెట్టిన రైతు ఆ లెక్కలోంచి బయటికి పోతాడు. నిన్నటిదాకా చావుకు ఒక విలువ ఉంది, ఇవాళ్టి నుంచి లేదు. నాగలి పట్టిన చేయి అదే, చేసిన అప్పు అదే. కాగితం మీద గీసిన వయసు గీత మనిషి ప్రాణాన్ని ఎట్లా విడగొడుతుందో చూపడానికి సరమాగో తన దేశాన్ని కల్పించుకోవాల్సి వచ్చింది.

ఇంకో సంగతి కూడా గుర్తుకొచ్చింది. 2024 సెప్టెంబరు ఒకటిన కుండపోత వానకు మా ఊరికీ పక్క స్టేషన్ ఇంటికన్నెకూ మధ్య పట్టాల కింద కంకర కొట్టుకుపోయి, ఈ దారిన ఉత్తర దక్షిణాలను కలిపే రైళ్లన్నీ నిలిచిపోయాయి. కంకర పోయింది కొద్ది దూరమే, కానీ ఎక్కడో విజయవాడలో, ఢిల్లీలో స్టేషన్లలో జనం పడిగాపులు పడ్డారు. చావు ఆగడం కూడా అలాంటిదేనని ఈ నవల చదివాక అర్థమైంది. దాని మీద ఎన్ని బతుకులు, ఎన్ని కొలువులు, ఎన్ని నమ్మకాలు నడుస్తున్నాయో అది నడిచినన్నాళ్లూ ఎవరికీ పట్టదు.

అయితే ఈ పుస్తకంలో నన్ను పట్టి ఆపింది మంత్రులూ కార్డినళ్లూ కాదు. సరిహద్దుకు దగ్గర్లో ఉన్న ఒక పేద రైతు కుటుంబం. ఆ ఇంట్లో ఇద్దరు చావుబతుకుల మధ్య ఉన్నారు. ఒకరు ముసలి తాత, ఒకరు నెలల పసిగుడ్డు. ఇద్దరికీ ప్రాణం పోదు, బతుకు రాదు. ఒకరోజు పెద్దాయనే నోరు తెరిచి కూతురిని అడుగుతాడు, నన్ను సరిహద్దు దాటించమని. ఎందుకంటే చావు ఆగింది ఈ దేశంలోనే. గీత దాటితే అవతల మామూలుగానే ఉంది.

అప్పుడు వాళ్లేం చేస్తారు? చీకటి పడ్డాక కంచరగాడిదను బండికి కడతారు. తాతను పడుకోబెడతారు, పసిగుడ్డును తల్లి ఒడిలో పెట్టుకుంటుంది. ఎవరి కంటా పడకుండా దారి కాని దారిలో పోతారు. గీత దాటిన మరుక్షణమే ఇద్దరి ఊపిరీ ఆగుతుంది. అక్కడే గుంత తవ్వి పూడ్చిపెట్టి తెల్లారేలోపు ఇంటికి చేరతారు. సరమాగో ఇక్కడ గొంతు పెంచడు. వాళ్లు చేసింది హత్యా, దయా అన్న తీర్పు కూడా తాను ఇవ్వడు. తీర్పు ఇవ్వడానికి దేశంలో అందరూ ఉన్నారు. ఊరివాళ్లు ముందు ఛీ అంటారు, పత్రికలు దుమ్మెత్తిపోస్తాయి. ఆ తర్వాత ఒక్కొక్కరే తమ ఇంట్లో మంచం పట్టిన మనిషిని బండెక్కిస్తారు.

ఈ దృశ్యం చదివాక నేను పుస్తకం మూసి చాలాసేపు అలాగే కూర్చున్నాను. ఎందుకంటే ఆ బండి మా ఊళ్లో కూడా నడుస్తోంది. దేశ సరిహద్దు దగ్గర కాదు, కిరాయి ఇంటి గడప దగ్గర.

ఈ సంగతి తెలంగాణ పట్టణాల్లో తెలియనివారు ఉండరు, బయటికి మాట్లాడేవారు తక్కువ. కిరాయికున్న మనిషి ఇంట్లో ప్రాణం విడిస్తే ఇల్లుగలవాళ్లు ఒప్పుకోరు. ఆసుపత్రిలో పోతే శవాన్ని ఇంటికి తేనివ్వరు. ధనిష్ఠా పంచకమనే అశుభ నక్షత్రాల కాలంలో పోతే నెలల తరబడి ఇల్లు పాడుపెట్టాలన్న భయం ఒకటి, ఆ ఇంటికి తర్వాత కిరాయికి ఎవరూ రారన్న భయం ఇంకొకటి. ఇల్లుగలాయన రాక్షసుడేమీ కాదు. నిన్నటిదాకా పండగకు బూరెలు ఇచ్చిపుచ్చుకున్న మనిషే. మాట కూడా మెత్తగానే మొదలవుతుంది.

"అక్కా, నువ్వేం మనసుల పెట్టుకోకు. పెద్దాయనను ఊరికి తోలుకపోండ్రి. రేపటెల్లి ఇంట్ల ఏమన్న అయితే మేం ఇల్లు పాడువెట్టాలె."

"ఊర్ల ఇల్లేడున్నదన్నా? బిడ్డ పెండ్లికి అమ్మితిమి గద."

"మరి మీ పాలోళ్ల దగ్గరికన్న..."

అవతల నుంచి జవాబు ఉండదు. మరునాడు ఒక ఆటో వస్తుంది. వెనక సీటు తీసేసి బొంత పరుస్తారు. సెలైన్ సీసా పట్టుకుని ఒక మనిషి పక్కన కూర్చుంటాడు. పాలివాళ్లు ఉన్న ఊళ్లో కొట్టంలోనో, పశువుల పాకలోనో జాగా దొరికితే దొరికినట్టు. అది కూడా దొరకనివాళ్లు రోడ్డు పక్కన టెంట్ వేసి, పెద్దమనిషిని టెంట్ కింద పడుకోబెట్టి, వానలో ఎండలో కాచుకుని కూర్చున్న సంగతులు పత్రికల్లో జిల్లా పేజీల్లో మళ్లీ మళ్లీ వస్తూనే ఉన్నాయి. శవాన్ని ఆసుపత్రి నుంచి నేరుగా కాటికి తీసుకుపోయి, అక్కడే స్నానం చేయించి, అక్కడే ఏడ్చి, అక్కడే దినాలు చేసుకున్నవాళ్లు ఉన్నారు.

ముసలాయనకు ఇదంతా తెలుస్తుంది. మాట పడిపోయిన మనిషికి చెవులు పనిచేస్తాయి. తలుపు అవతల ఎవరేం మాట్లాడుతున్నారో వింటాడు. బస్తాలు మోసి మోసి కాయలు కాసిన ఆ వీపు ఇప్పుడు ఎవరికి బరువైందో ఆయనకు అర్థమవుతుంది. సరమాగో కథలో తాత తనంతట తానే నన్ను దాటించండి అని అడిగాడు. మా దగ్గర కూడా అట్లా అడిగినవాళ్లు ఉన్నారు. "నన్ను ఊరికి తోలుకపోండ్రి" అని. అది ఊరి మీద ప్రేమతో అన్న మాటో, పిల్లలు ఇబ్బంది పడొద్దని అన్న మాటో విడదీసి చెప్పగలమా?

ఒకప్పుడు మన ఊళ్లలో చావు ఒక్క ఇంటిది కాదు. పోతారని తెలిశాక మంచం మీంచి దించి కింద పడుకోబెట్టేవారు. తులసి నీళ్లు గొంతులో పోసేవారు. కబురు అందగానే ఎవరి పని వాళ్లకు తెలుసు. ఒకరు పచ్చి వెదుళ్లు కొట్టుకొచ్చి పాడె కట్టాలి, ఒకరు నీళ్లు కాగబెట్టాలి, ఒకరు కట్టెలు పేర్చాలి, డప్పు కొట్టేవాళ్లు వీధి మొగదలకు వచ్చి నిలబడాలి, జంగమయ్య శంఖం ఊదాలి. ఆ పనులను కులాల మీద మోపి, ఆ చేతులను అంటరాకుండా పెట్టిన పాపం ఆ ఊళ్లదే, దాన్ని నేను మెచ్చుకోవడం లేదు. కానీ చావుకు పదిమంది రావాలన్న ఎరుక ఆ ఊళ్లకు ఉండేది. కులం పోవాల్సింది, పదిమంది ఉండాల్సింది. పట్నం వాసన తగిలిన మా ఊళ్లో కులం ఉండిపోయింది, పదిమంది పోయారు.

నవలలో బండ్లు పెరిగాక ఏం జరుగుతుందో వినండి. ముఠా దిగుతుంది. మాఫియా అనే మాటను సరమాగో కాస్త అక్షరం మార్చి రాస్తాడు, అసలువాళ్లు వీళ్లు కాదని. సరిహద్దు దాటించడానికి ఇంత అని రేటు కడతారు. ప్రభుత్వం పైకి కాపలా పెడుతుంది, లోపల ముఠాతో ఒప్పందం చేసుకుంటుంది. పేద కుటుంబం కన్నీళ్లతో చేసిన పని కొన్నాళ్లు తిరిగేసరికి వ్యాపారమవుతుంది. ఈ భాగాన్ని ఎవరైనా నవలకు మించిన వెటకారమని అనొచ్చు. నాకు మాత్రం అందులో వెటకారం కనబడలేదు. ఫ్రీజర్ పెట్టెకు రోజు కిరాయి, శవాన్ని తెచ్చే బండికి రాత్రయితే ఒక రేటు తెల్లారితే ఒక రేటు, పాడె మీద పూలకు ఒక రేటు. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి నుంచి కేసముద్రానికి రైలు టికెట్ ఎంతో మనకు తెలుసు, అదే దారిలో శవాన్ని తెచ్చుకున్నవాళ్లను అడిగి చూడండి. ఎక్కడ దుఃఖం బేరం ఆడలేని స్థితిలో ఉంటుందో అక్కడికి వ్యాపారం వెతుక్కుంటూ వస్తుంది.

ఏడు నెలల తర్వాత నవల ఇంకో మలుపు తిరుగుతుంది. ఊదారంగు కవరులో టెలివిజన్ అధిపతికి ఒక ఉత్తరం వస్తుంది. రాసింది చావే. ఈ అర్ధరాత్రి నుంచి మళ్లీ పనిలో దిగుతున్నానని. ఆగి ఉన్న అరవై వేలమందికి పైగా ఒక్కసారిగా పోతారు. ఇకమీద ప్రతి ఒక్కరికీ వారం ముందు ఉత్తరం పంపుతాను, సర్దుకోవడానికి సమయం ఇస్తాను అంటుంది. అన్నట్టుగానే పంపుతుంది. కానీ ఒక్క ఉత్తరం మాత్రం ఎన్నిసార్లు పంపినా తిరిగి వస్తుంది. అది ఒక చెల్లో వాద్యకారుడిది. పెద్ద పేరున్నవాడు కాదు, ఒంటరివాడు, కుక్క ఒకటి తోడు. ఎందుకు చేరడం లేదో చూద్దామని చావు తానే బయలుదేరుతుంది, ఒక ఆడమనిషి రూపంలో. ఆ తర్వాత ఏమైందో నేను చెప్పను. ఆ చివరి పేజీలు మీరే చదువుకోవాలి. అతను బాఖ్ స్వరపరిచిన ఆరో చెల్లో సూట్ వాయించే రాత్రి దాకా చదివాక పుస్తకం కింద పెట్టడం ఎవరి తరమూ కాదు.

చావు ఆడది కావడం, పైగా మనసున్నది కావడం పాశ్చాత్యులకు వింతగా తోచి ఉండవచ్చు. మనకు మాత్రం ఇది పాత కథే. మహాభారతం శాంతిపర్వంలో భీష్ముణ్ణి ధర్మరాజు అడుగుతాడు, ఈ మృత్యువు ఎక్కడి నుంచి వచ్చిందని. భీష్ముడు చెబుతాడు. బ్రహ్మ సృష్టి చేస్తూ పోయాడు, ఎవరూ చావడం లేదు, భూమి మోయలేకపోయింది. ఏం చేయాలో తోచక బ్రహ్మకు కోపం వచ్చింది, ఆ కోపం నిప్పై లోకాలను కాల్చసాగింది. శివుడు అడ్డుపడి వేడుకుంటే బ్రహ్మ ఆ నిప్పును తనలోకి తీసుకున్నాడు. అప్పుడు ఆయన దేహంలోంచి ఎర్రని నల్లని బట్టలు కట్టిన ఒక స్త్రీ పుట్టింది. మృత్యువని పిలిచి, వెళ్లి ప్రాణులను సంహరించమన్నాడు. ఆమె ఏడ్చింది. ఆ కన్నీళ్లను బ్రహ్మ దోసిట పట్టుకున్నాడు. కొడుకులను, తల్లులను, అన్నదమ్ములను ఎట్లా తీసుకుపోను, మిగిలినవాళ్ల ఏడుపు నాకు తగలదా అని ప్రాధేయపడింది. ఆ పని తప్పించుకోవడానికి యుగాల తరబడి తపస్సు చేసింది. ఆఖరుకు ఆమె రాల్చిన కన్నీళ్లే రోగాలయ్యాయని, ఆ రోగాలే ప్రాణులను తీసుకుపోతాయి కాబట్టి ఆమెకు పాపం అంటదని బ్రహ్మ ఒప్పించాడు.

సరమాగోకు ఈ కథ తెలుసని నేను అనడం లేదు. రెండూ ఒకే చోట మొదలవుతాయి, చావు లేకపోతే భూమి మోయలేదన్న చోట. రెండింట్లోనూ చావుకు మనుషుల ఏడుపంటే భయం ఉంది. కిరాయి ఇంటి గడప దగ్గర నిలబడ్డ మనకు, ఆ భయం కూడా ఉన్నట్టు లేదు.

ఇంకో ముచ్చట. మన దగ్గర పాడె కాటికి పోయే దారిలో ఒకచోట దించుతారు. దింపుడు కళ్లం. డప్పు ఆపుతారు. పెద్దకొడుకు తండ్రి చెవి దగ్గర నోరు పెట్టి మూడుసార్లు పిలుస్తాడు. "నాయినా... నాయినా... నాయినా..." అందరూ కదలకుండా నిలబడతారు. ఎవరూ లేవరని అక్కడున్న ప్రతి ఒక్కరికీ తెలుసు, అయినా ఎవరూ తొందరపెట్టరు. ఒకసారి నేను ఆ గుంపులో వెనక నిలబడి ఉన్నాను. కొడుకు మూడోసారి పిలిచాక వెంటనే లేవలేకపోయాడు, నాలుగోసారి కూడా పిలిచాడు. పక్కనున్న పెద్దమనిషి అతని భుజం మీద చేయి వేశాడే గానీ, లెమ్మనలేదు. చావు వచ్చిందో లేదో ఆఖరుసారి తెలుసుకోవడానికి పుట్టిన ఆచారం కావచ్చు. కానీ ఆ నిమిషంలో పోయిన మనిషికి దొరికే మర్యాద, పోతున్న మనిషికి ముందు వారం పది రోజుల్లో దొరకాలి గదా అన్నదే నా బాధ.

పోతున్న మనిషికి దక్కాల్సిన ఆ మర్యాద విషయంలో చట్టం, వైద్యం కొంత దూరం వచ్చాయి. 2004లో హైదరాబాదులో కండరాలు క్షీణించే జబ్బుతో ఉన్న ఇరవై ఐదేళ్ల యువకుడు, చదరంగం ఆటగాడు, తన అవయవాలు పాడుకాక ముందే వాటిని దానం చేసి వెళ్లిపోతానని హైకోర్టును అడిగాడు. తల్లి ఆ కోరికను తానే భుజాన వేసుకుని తిరిగింది. కోర్టు కుదరదంది. ఆ డిసెంబరులోనే అతను పోయాడు. పదమూడేళ్ల తర్వాత 2018 మార్చి 9న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, కోలుకునే ఆశ లేనప్పుడు యంత్రాల మీద ఉంచొద్దని మనిషి ముందుగానే రాసిపెట్టుకోవచ్చని తీర్పు ఇచ్చింది. 2023లో ఆ పద్ధతిని సులువు చేసింది. ఆ యువకుడు అడిగింది ఇది కాదు, అయినా మనిషి తన చివరి రోజుల గురించి తాను మాట్లాడవచ్చన్న హక్కు అంతవరకైనా దక్కింది.

మా వరంగల్ కవి కాళోజీ నారాయణరావు 2002 నవంబరు 13న కన్నుమూశాడు. ఆయన కోరుకున్నట్టే దేహాన్ని కాకతీయ మెడికల్ కాలేజీకి ఇచ్చారు. పాడె మీద ఏ తంతు జరగాలో కూడా మనిషి తానే తేల్చుకోవచ్చని ఆయన బతికి చూపిన దారి అది.

నొప్పి సంగతి మరీ ముఖ్యం. సరమాగో దేశంలో జనం చావును కోరుకున్నది చావు మీద ఇష్టంతో కాదు, నొప్పి తీరే దారి లేక. క్యాన్సర్ ఆఖరి దశలో మార్ఫిన్ మాత్ర ఎంత పని చేస్తుందో చూసినవాళ్లకు తెలుసు. 2014లో కేంద్రం మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించి ఆ మందు అందడానికి అడ్డంకులు తగ్గించింది. కేరళ 2008లోనే ఇలా నొప్పి తగ్గించి చూసుకునే పాలియేటివ్ కేర్‌కు విధానం తెచ్చి, పంచాయతీల చేతికి అప్పగించింది, నర్సు ఇంటికి పోయి చూసివస్తుంది. తెలంగాణలో కూడా జిల్లాల్లో పాలియేటివ్ కేర్ కేంద్రాలు, ఇంటికొచ్చి చూసే 'ఆలన' బృందాలు ఏర్పడ్డాయి. మీ ఇంట్లో ఎవరైనా మంచం మీద ఉంటే జిల్లా ఆసుపత్రిలో పాలియేటివ్ కేర్ గది ఎక్కడని అడగండి. చాలామందికి అది ఉందనే తెలియక, నొప్పిని కర్మ అనుకుని భరిస్తున్నారు.

అయితే ఆ బృందం ఇంటికి రావాలంటే ముందు ఇల్లంటూ ఉండాలి. మళ్లీ గడప దగ్గరికే వచ్చాం.

గత కొన్నేళ్లలో తెలంగాణలో ఊరూరా వైకుంఠధామాలు కట్టారు. దహనానికి గద్దెలు, స్నానాలకు గదులు, నీళ్లు. మంచి పని. చనిపోయినవాళ్లకు జాగా దొరికింది. చనిపోతున్నవాళ్లకే లేదు. సొంత ఇల్లు లేనివాళ్లకు, ఆ చివరి రోజులకు, ఆ పది పదకొండు దినాలకు ప్రతి మార్కెట్ ఊళ్లో ఒక ఇల్లు కావాలి. పెద్ద ఖర్చేం కాదు. రెండు గదులు, ఒక వరండా, ఒక కొట్టం. మంచం పట్టేంత వెడల్పు తలుపు, గడప లేకుండా. నీళ్ల కొళాయి, కరెంటు, మరుగుదొడ్డి, నర్సు వచ్చి కూర్చోవడానికి ఒక కుర్చీ. బయట వంట పొయ్యి పెట్టుకునే జాగా, చుట్టాలు కూర్చోవడానికి నాలుగు చెట్ల నీడ. కిరాయి ఉండొద్దు. కులం అడగొద్దు. తాళంచెవి ఒక మనిషి దగ్గర రాత్రి పన్నెండింటికి పోయినా దొరకాలి.

మార్కెట్‌కు దగ్గర్లోనే కట్టాలి. బస్తాలు మోసినవాళ్లకే ముందు అవసరం కాబట్టి. కేసముద్రంలో ఈ మాట ఊరి పెద్దల ముందు, మార్కెట్ వాళ్ల ముందు, ఇల్లు కిరాయికిచ్చే మా పొరుగువాళ్ల ముందు కూడా అంటున్నాను. వింటున్న మీ ఊళ్లో కూడా ఎవరో ఒకరు అడగాలి.